తెరమీది ప్రాణికి కండపుష్టి



తెరమీద కదలు బొమ్మకు ప్రాణమున్నట్లు మనకు తోచుటకు కారణమేమి? కన్నులని కొందరు, నడకయని కొందరు చెప్పుదురు. రెండును నిజమే. కాని వానికి తోడుగా మూడవది యొకటి కలదు. ఎముక ఆగిన పిదపకూడ మాంసము ఒక్క క్షణము ఆగకుండుట. కంప్యూటరు సాయమున సినిమాలలో ప్రాణులను సృజించు శిల్పులు మిక్కిలి శ్రమపడు విషయములలో ఈ చిన్న కదలిక యొకటి. దానిని గూర్చి కొంత ముచ్చటింపదలచితిమి.

ఇది మనకు సంబంధింపని విషయమని తలంపవలదు. మా టెక్కలి ప్రాంతమున ఎడ్లబండ్లు నేడు తగ్గినను బొత్తిగా పోలేదు. బండి వచ్చునపుడు బాటప్రక్క నిలిచి చూడుడు. ఎద్దు అడుగు వేసినపుడెల్ల మూపురము ఒక ప్రక్కకు ఒరిగి మరల లేచును. గంగడోలు అడుగునకు కొంచెము వెనుకబడి ఊగును. బండివాడు పగ్గము బిగించగా ఎద్దు నిలుచును. గంగడోలు మాత్రము రెండు మూడు ఊపులు ఊగి, అటుపిమ్మట నిలుచును. కావడి మోయువానియందును ఇదియే ధర్మము. మోయువాడు ఆగును, కుండలు వెంటనే ఆగవు.

ఈ ఊపులో మూడు గుణములు కలవు. మొదటిది బరువు, అది కదలికను ఆలస్యము చేయును. రెండవది బిగువు, అది మాంసమును స్వస్థానమునకు లాగును. మూడవది ఊపును అణచు గుణము. అది లేనిచో ఒకసారి ఊగిన గంగడోలు ఎన్నటికిని ఆగదు. స్ప్రింగు ఎంత సాగిన అంత బలముతో వెనుకకు లాగునని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్ 1678 లో ప్రకటించెను. తెరమీది పులికైనను, ఎద్దునకైనను మాంసమును ఊపునది మూలమున ఆ సూత్రమే.

ఇక శిల్పులు చేయు పని యెట్టిదో చూతము. మొదట కంప్యూటరులో ఒక అస్థిపంజరమును కూర్చుదురు. దానిపై చర్మమును తొడిగి, చర్మములోని ప్రతి బిందువును ఏ యెముక యెంత లాగవలెనో నిర్ణయింతురు. ఇంతతో బొమ్మ నడచును. కాని మోచేయి మడచినపుడు అచ్చట చర్మము నొక్కుకొనిపోవును. ముంజేయి త్రిప్పినపుడు పిండిన తడిగుడ్డవలె మెలిపడును. చర్మముక్రింద ఏమియు లేకపోవుటయే దీనికి కారణము. కావున ఎముకకును చర్మమునకును నడుమ కండరములను అమర్చుదురు. ప్రతి కండరమునకు రెండు కొనలును ఎముకలకు అంటియుండును. కండరము కుదించుకొనినపుడు పొట్టియై, ఆ మేరకు లావెక్కవలెను. దాని ఘనపరిమాణము తగ్గరాదు. కండరముపై క్రొవ్వు, క్రొవ్వుపై జారు చర్మము. సినిమాలో సెకండునకు 24 చిత్రములు నడచును. ఒక్కొక్క చిత్రమునకు మాంసములోని వేలకొలది బిందువులు ఎచ్చట నుండవలెనో యంత్రము లెక్కకట్టును. వెనుకటి చిత్రములో ఆ బిందువు ఎచ్చట నుండెను, ఎంత వేగముతో పోవుచుండెను అనునది తెలిసినగాని తరువాతి స్థానము తెలియదు. అందుచేత మాంసమునకు జ్ఞాపకశక్తి యున్నదని చమత్కారముగ చెప్పవచ్చును.

లెక్క తప్పినచో కన్ను వెంటనే పసిగట్టును. బిగువు ఎక్కువైన ప్రాణి కొయ్యబొమ్మ యగును. తక్కువైనది నీరు నింపిన తిత్తి యగును. ఏనుగు పొట్ట ఎలుక పొట్టవలె వడివడిగ అదిరినచో, తెరమీద అది ఎంత పెద్దదిగ కనబడినను మనస్సునకు ఎలుకగనే తోచును. పెద్ద బరువు మెల్లగ ఊగును. ప్రాణి యొక్క పరిమాణమును మనకు తెలుపునది ఆ మందగమనమే.

మఱియొక సూక్ష్మము కలదు. కదలికలన్నియు ఒక జాతివి కావు. ఎద్దు వీపుపై ఈగ వ్రాలగనే ఆ చోటి చర్మము జలదరించును. అది ఎద్దు తాను చేయు పని. మూపురము ఊగుట ఎద్దు చేయు పని కాదు; దానికి జరుగునది. టెక్కలికి చేరువనున్న తేలినీలాపురమునకు ఏటేట శీతకాలమున గూడబాతులు, అనగా పెలికాన్ పక్షులు వచ్చును. అవి చెట్టుపై వ్రాలునపుడు ముక్కుక్రింది సంచి ఊగుట వేఱు. ఎండవేళ నోరు తెఱచి, ఒడలు చల్లబరచుకొనుటకు ఆ సంచిని అల్లాడించుట వేఱు. మొదటిది లెక్కకు లొంగును. రెండవదానిని శిల్పి తన చేతితో, ప్రాణి మనసెఱిగి చేయవలెను. ఈ భేదము నెఱుగనివాడు ఎంత గొప్ప యంత్రమును చేతబట్టినను ప్రయోజనము లేదు.

తెలుగునేలకు ఈ విద్యతో సంబంధము కలదు. 2012 లో రెండు చిత్రములు వెలువడినవి. ఒకటి రాజమౌళి తీసిన ‘ఈగ’. హైదరాబాదులోని మకుట సంస్థవారు ఆ చిత్రమున ఈగకు రూపమిచ్చి జాతీయ పురస్కారము నందిరి. ఈగకు గట్టి కవచము పైన, మాంసము లోపల; ఊగుటకు మాంసము బయట లేదు. కావున దాని కోపతాపములన్నియు రెక్కలలోను, కాళ్లలోను, నిలుచు తీరులోను చూపవలసివచ్చినది. రెండవది ఆంగ్ లీ తీసిన ‘లైఫ్ ఆఫ్ పై’. అందు కొన్ని దృశ్యములలో నిజమైన పులులు కలవు. అధికభాగమున కనబడునది కంప్యూటరు పులి. దాని భుజముల కండలు, ఆకలితో జారిన పొట్ట, పడవ ఊపునకు కదలు చర్మము, అన్నియు నిజమైన పులులను దీర్ఘకాలము పరిశీలించి చేసినవి. ఆ పని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ అను అమెరికా సంస్థకు హైదరాబాదులో శాఖ యుండెను. అచ్చటివారును ఆ పనిలో పాలుపంచుకొనిరి.

తరువాతి కథ విచారకరము. 2013 ఫిబ్రవరిలో ఆ సంస్థ దివాలా ప్రకటించెను. అదే నెలలో ఆ పులికి ఆస్కారు పురస్కారము లభించెను. బహుమతి నందుకొనుచు బిల్ వెస్టెన్‌హోఫర్ తమ సంస్థ కష్టములను గూర్చి మాట యెత్తగా, వాద్యధ్వని పెంచి ఆయన మాటను ఆపివేసిరి. శాల వెలుపల ఆ వృత్తిలోనివారు నిరసన తెలుపుచుండిరి. అదే 2013 లో న్యూజిలాండులోని వేటా సంస్థవారు రూపొందించిన ‘టిష్యూ’ అను కండర విధానమునకు అకాడమీవారి శాస్త్ర సాంకేతిక పురస్కారము దక్కెను. విద్యకు గౌరవము పెరిగినది. విద్యావంతుని బ్రతుకునకు భద్రత మాత్రము దానితో సమానముగ పెరుగలేదు.

మా ప్రాంతమునుండియు యువకులు చదువుకొని పట్టణములకు పోవుచున్నారు. వారిలో ఈ పనిపై మక్కువ గలవారికి మేము చెప్పునది యొక్కటే. యంత్రమును నేర్చుకొనుటకు ముందు ఎద్దును చూడుడు, మేకను చూడుడు, తేలినీలాపురపు పక్షిని చూడుడు. అది ఆగునపుడు ఏది ముందు ఆగినదో, ఏది చివర ఆగినదో కాగితముపై గీయుడు. ఈ పాఠశాలకు రుసుము లేదు.

తక్కిన శ్రోతలకు ఒక మనవి. ఇకమీదట సినిమాలో మృగము దూకి నేలపై నిలిచినపుడు దాని పొట్టవైపు చూడుడు. అది సరిగ ఊగి నిలిచినచో, దానివెనుక ఎందరో నిద్రకాచిన రాత్రులు కలవని తెలియుడు. చిత్రము ముగిసి పేర్లు వచ్చుచుండగా వెంటనే లేచిపోక, వారి పేర్లును చదువుడు.