నాపా లోయలో గుర్తొచ్చిన మోకు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1979 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



నాకు పదిహేను నిమిషాలు ఇచ్చి అమెరికా ప్రయాణ విశేషాలు చెప్పమన్నారు. నయాగరా గురించి మనవాళ్లు చాలామంది చెప్పేశారు. నేను వైన్ తయారుచేసే ఒక చోటుకి వెళ్లిన సంగతి చెబుతాను. బడి సభలో ఇదేం మాట అని ఉపాధ్యాయులు కంగారు పడొద్దు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద ఎందుకు తిరగబడ్డారో నాకు తెలుసు. తాగుడు కూల్చిన ఇళ్లు మన వీధుల్లోనూ ఉన్నాయి. తాగడం గురించి నేను మాట్లాడను. తయారుచేసేవాడి పని గురించి, ఆ పనికి దొరికే మర్యాద గురించి మాట్లాడతాను. మా నాన్న కల్లు గీసేవాడు. ఆ మాట ఈ వేదిక మీద నుంచి చెప్పాలని నాకు చాలాకాలంగా ఉంది.

పోయినేడు మా అమ్మాయి దగ్గరికి కాలిఫోర్నియా వెళ్లాం. ఒక శనివారం నాపా లోయకి బయల్దేరదీసింది. రెండు గంటలకు పైగా ప్రయాణం. దారికి రెండు వైపులా ద్రాక్ష తోటలే, మనకి మిరప చేలు ఉన్నట్టు. లోయ చివర కాలిస్టోగా అనే చిన్న ఊరు, అక్కడ షాటో మాంటెలీనా అనే వైనరీ. 1882లో మొదలైంది. రాతి గోడల కోటలాంటి భవనం, దాని ముందు ఒక చెరువు. లోపల రుచి చూపించే గది ఉంది. అక్కడ రుచి చూడటానికే డబ్బు కట్టాలి. "తాగనివాణ్ణి నన్నెందుకు తీసుకొచ్చావే?" అన్నాను. "మింగక్కర్లేదు నాన్నా, ఉమ్మేయొచ్చు. దానికి గిన్నె కూడా పెడతారు" అంది.

నిజంగానే పెట్టారు. రుచి చూడటమే వృత్తిగా ఉన్నవాళ్లు చాలామంది మింగరట. రోజుకి పదుల రకాలు చూడాలి కదా, మింగితే నాలుక మాట వినదు. మా ముందు గ్లాసులు వరసగా పెట్టి ఒక్కోదాంట్లో రెండు గుక్కలు పోశారు. ముందు తెల్లవి, తర్వాత ఎర్రవి. తేలికైనది ముందు, చిక్కనిది తర్వాత. వెలుగుకి పెట్టి రంగు చూడమన్నారు. గ్లాసు తిప్పి వాసన పట్టమన్నారు. వాసన పట్టకుండా నోట పెట్టుకోవద్దన్నారు. నోట్లో పోసుకున్నాక పులుపు ఎక్కడ తెలుస్తుందో, వగరు ఎక్కడ పట్టుకుంటుందో గమనించమన్నారు. చెబుతున్న అమ్మాయి ప్రతి గ్లాసుకీ ఒక చోటు పేరు చెప్పింది. ఇది ఈ గట్టు పక్క తోటది, ఇది ఆ వాలు మీదది. ఇక్కడ పగలు ఎండ, రాత్రి చలి, అందుకే ఈ పులుపు నిలిచింది. ఈ ఏడు కోత ముందొచ్చింది. వింటున్నవాళ్లు గుళ్లో పురాణం విన్నట్టు విన్నారు.

నాకు మాత్రం ఆ మాటలు కొత్తగా అనిపించలేదు. "ఈ గట్టు తాడి నీళ్లు తియ్యన, ఆ చెరువు కింద తాడి చప్పన. పొద్దెక్కకముందు దించితే ఒక రుచి, పొద్దెక్కితే ఒక రుచి. మబ్బు పట్టిన రోజు వేరే." ఇవి మా నాన్న రోజూ అనే మాటలు. లొట్టి దించాక ముందు వాసన చూసేవాడు. వేలితో ఒక చుక్క నాలుక మీద వేసుకునేవాడు. వెంటనే ఉమ్మేవాడు. పొద్దున ఇరవై చెట్లు, సాయంత్రం మళ్లీ అవే ఇరవై. మింగితే దిగగలడా?

అక్కడ వాళ్లు గర్వంగా చెప్పుకునే కథ ఒకటుంది. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఆంగ్లేయుడు ఒక పోటీ పెట్టాడు. ఫ్రాన్సు వైన్లు, కాలిఫోర్నియా వైన్లు, పేర్లు కనపడకుండా పోసి రుచి చూపించాడు. మార్కులు లెక్కపెట్టిన తొమ్మిది మంది న్యాయనిర్ణేతలూ ఫ్రెంచివాళ్లే. తీరా చూస్తే తెల్లవాటిలో మొదటి స్థానం మాంటెలీనా వాళ్ల 1973 షార్డొనేకి, ఎర్రవాటిలో మొదటి స్థానం స్టాగ్స్ లీప్ వాళ్ల 1973 కాబెర్నే సావిన్యోన్‌కి వచ్చింది. రెండూ నాపా వైనరీలవే. పేరు కనపడితే ఆ మార్కులు పడేవి కావు. మన సంఘం పుట్టిన ఏడే అది కూడా జరిగింది, కాబట్టి ఆ సంవత్సరం నాకు బాగా గుర్తుండిపోయింది.

ఆ తెల్ల వైన్ చేసిన మనిషి మైక్ గర్గిచ్. 1923లో క్రొయేషియాలో ఒక పల్లెటూళ్లో పుట్టాడు, పదకొండు మంది పిల్లల్లో ఆఖరివాడు. వాళ్ల నాన్న వైన్ చేసుకునే రైతు. పసివాడుగా ఉన్నప్పుడే ద్రాక్షపళ్లు కాళ్లతో తొక్కాడు. దేశం విడిచి, జర్మనీ, కెనడాల మీదుగా 1958లో నాపా చేరాడు, చేతిలో ఒక అట్టపెట్టె. 2023లో నూరేళ్లు నిండి పోయాడు. ఆ అట్టపెట్టె, ఆయన టోపీ ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ వారి అమెరికా చరిత్ర మ్యూజియంలో ఉన్నాయి. పల్లెటూరి వైన్ రైతు కొడుకు అట్టపెట్టెని ఒక దేశం అద్దాల బీరువాలో పెట్టుకుంది. మా నాన్న మోకు, గీత కత్తి మా ఇంటి అటక మీద ఉన్నాయి.

మిత్రులారా, మీలో కొందరికి నా బడి రోజుల పేరు గుర్తుండే ఉంటుంది. ఆ పేరు ఇక్కడ చెప్పను. వాసన వస్తోందని బెంచీ మారిన వాళ్లూ ఉన్నారు. అప్పుడు పిల్లలం. పెద్దలు చెప్పనిది పిల్లలు చేయరు. నన్ను బడిలో చేర్చిన రోజు తండ్రి వృత్తి అన్నచోట ఒక పెద్దమనిషి 'వ్యవసాయం' అని రాశారు. మంచి మనసుతోనే రాశారు, పిల్లాడికి మర్యాదగా ఉంటుందని. మా నాన్నకి ఎవరో చదివి వినిపిస్తే నవ్వాడు. "సెంటు భూమి లేదు, ఎట్టా వ్యవసాయం చేశాన్రా నేను?" అన్నాడు. నవ్వాడు గానీ ఆ మాట తర్వాత చాలాసార్లు అన్నాడు.

ఈ బడే నాకు ఇంకోటి కూడా ఇచ్చింది. తొమ్మిదో తరగతిలో మా సైన్సు మాస్టారు కిణ్వనం పాఠం చెప్పే ముందు రోజు నన్ను పిలిచి, "మీ నాన్ననడిగి తెల్లారగట్ల దించిన నీళ్లు రెండు లొట్లలో పట్రా. ఒకదానికి లోపల సున్నం పూయమను" అన్నారు. మా నాన్న తెచ్చి వరండాలో దించాడు. ఉత్త లొట్టిలో గంటలో బుడగలు లేచాయి. సున్నం పూసిన లొట్టి కదలకుండా ఉంది. ఆ బుడగల వాయువుని గొట్టంతో సున్నపు తేటలోకి పంపిస్తే పాలలా అయింది. చక్కెర ఈస్ట్ చేతిలో పడి ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా విడిపోతుందని, సున్నం ఈస్ట్‌ని పని చేయనివ్వదని మాస్టారు చెప్పారు. ద్రాక్షరసంలోనూ తాటి నీళ్లలోనూ ముఖ్యంగా పని చేసేది ఒకే ఈస్ట్, సాకరోమైసిస్ సెరివిసియే. తర్వాత మాస్టారు మా నాన్న వైపు తిరిగి, "లొట్టి కడిగితే ఆలస్యంగా పొంగుతుందా?" అని అడిగారు. "పాత కల్లు అడుగున ఉంటే తొందరగా తిరుగుతుందండి" అన్నాడు మా నాన్న. ఆ వాక్యం మాస్టారు మాచేత నోట్సులో రాయించారు. నేను కెమిస్ట్రీ చదివి, ముప్పై ఏళ్లు ఆ చదువుతోనే బతికానంటే ఆ వరండా చలవే.

ఒక చరిత్ర మాట చెప్పి ముగింపుకి వస్తాను. మద్రాసు రాష్ట్రంలో 1937లో సేలం జిల్లాతో మొదలైన మద్యనిషేధం 1948కల్లా రాష్ట్రమంతా వచ్చింది. గీతవాళ్ల కత్తి మూలన పడింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న గారు నిలబడ్డారు. ఆ వివాదంలోనే 1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. పంతులు గారి త్యాగానికి మనం చేతులెత్తి మొక్కుతాం. చెట్టెక్కే వాడి అన్నం ఒక ప్రభుత్వాన్ని కదిలించగలిగిందన్నది కూడా మన పిల్లలకి తెలియాలి. మద్యం చేసే చెడు నిజమే, గీసేవాడి పనితనమూ నిజమే. ఒకటి చెప్పడానికి రెండోది దాచిపెట్టక్కర్లేదు.

ఇప్పుడు జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళుతూ గట్ల మీద చూడండి. నా చిన్నప్పుడున్న తాళ్లలో ఎన్ని మిగిలాయో తెలుస్తుంది. ఇటుక బట్టీలకి కొన్ని పోయాయి, రోడ్డుకి కొన్ని పోయాయి. ఎక్కేవాళ్లూ తగ్గారు. అరవై అడుగుల నుంచి జారితే ఏమవుతుందో మా ఇంటికి తెలుసు. మా నాన్న ఆఖరి పన్నెండేళ్లు కర్ర సాయంతోనే నడిచాడు. ఆ కష్టం మన పిల్లలకి రావాలని నేను కోరను. ఆ తెలివి పోకూడదని మాత్రం కోరుకుంటాను. గెలని ఎన్ని రోజులు నొక్కి సాధు చేయాలి, చెక్కు ఎంత పల్చగా తీయాలి, ఏ చెట్టుకి ఎప్పుడు విశ్రాంతి ఇవ్వాలి, ఇవేవీ పుస్తకాల్లో సరిగా లేవు. తెలిసినవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు, అందరూ డెబ్భై దాటినవాళ్లే.

అందుకని సంఘానికి రెండు మనవులు. ఒకటి, స్వర్ణోత్సవ నిధి నుంచి మన బడిలో ఒక అద్దాల బీరువా చేయించండి. 1882లో జేమ్స్ బర్జెస్ మన ధనంబోడు స్తూపం తవ్వించాడు. ఆ శిల్పాలు మద్రాసు మ్యూజియం చేరాయి, వాటిని చూడాలంటే మన పిల్లలు రైలెక్కాలి. మన చేతిపనుల గుర్తులైనా మన బడిలో ఉండనిద్దాం. మగ్గం నాడె, కమ్మరి సుత్తి, సున్నపురాయి కొట్టినవాళ్ల గునపం, ఎవరింట్లో ఏదుంటే అది తెండి. మొదటి వస్తువు నేను తెచ్చాను. వేదిక పక్కన సంచీలో ఉంది, మా నాన్న మోకు. ఖర్చులో నా వంతు నేనిస్తాను.

రెండోది ఉపాధ్యాయులకి. కొత్తగా చేరే పిల్లల ఫారాల్లో తండ్రి వృత్తి, తల్లి వృత్తి అన్నచోట వాళ్లు ఏం చెబితే అదే రాయండి. కల్లుగీత అంటే కల్లుగీత అని, పాకీ పని అంటే పాకీ పని అని. మర్యాద రాసే మాటలో ఉండదు, రాసిన తర్వాత ఆ పిల్లాణ్ణి ఏ బెంచీలో కూర్చోబెడతామన్నదాంట్లో ఉంటుంది. వీలైతే ఏడాదికొకసారి ఆ తల్లిదండ్రుల్లో ఒకరిని తరగతికి పిలిచి, వాళ్ల పనిలో ఒక ముక్క చెప్పమనండి. మా మాస్టారు ఒక్క ప్రశ్న అడిగారు, అంతే. ఆ రోజు నుంచి మా నాన్న ఈ బడి ముందు నుంచి వెళ్లినప్పుడల్లా కావడి దించి, ఒక నిమిషం నిలబడి వెళ్లేవాడు.