స్థూలకాయము: నింద, బాధ్యత
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



25 ఏండ్లుగా గ్రామమునకు విజ్ఞానమును పంచుచున్న గ్రంథాలయపు పండుగనాడు లావు సన్నముల ప్రసంగమేమని మీరు అనుకొనవచ్చును. కాని తెలియనితనముచేత మనము సాటిమనిషిని నొప్పించు ప్రతిచోటను గ్రంథాలయమునకు పని ఉన్నదని నా నమ్మకము.

బిడ్డ బొద్దుగా ఉన్నంతకాలము ముద్దు చేయుదుము. ఆ బిడ్డయే పదేండ్లవాడైనచో 'బస్తా' యని, 'గున్నయేనుగు' అని పేర్లు పెట్టుదుము. వినాయకచవితినాడు లంబోదరునికి భక్తితో ఉండ్రాళ్లు నివేదింతుము. మరునాడు పొరుగువాని బొజ్జను చూచి నవ్వుదుము. ఆ నవ్వు వెనుక ఒక తీర్పు కలదు: 'వీడు తిండిపోతు, సోమరి, తన లావునకు తానే కారకుడు.' ఈ తీర్పు ఎంతవరకు న్యాయము?

చరక సంహిత సూత్రస్థానమున 21వ అధ్యాయము పేరు 'అష్టౌనిందితీయము'. లోకము నిందించు ఎనిమిది విధముల దేహములను అందు పేర్కొనిరి. స్థౌల్యమునకు కారణములుగా అతిభోజనము, వ్యాయామము లేమి, పగటినిద్ర మొదలగువానిని చెప్పి, వానితోపాటు బీజస్వభావమును గూడ చేర్చిరి. అనగా పుట్టుకతో వచ్చిన దేహప్రకృతి. నిందించుట లోకమునకు అలవాటు. కారణము వెదకుట వైద్యుని ధర్మము.

నేటి శాస్త్రమును ఆ మాటనే బలపరచినది. డెన్మార్కులో దత్తత పోయిన 540 మందిని పరిశీలించి 1986లో ప్రకటించిన ఫలితములలో, వారి లావు సన్నములు పెంచినవారిని గాక కన్నవారిని పోలియుండెను. 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము లెప్టిన్ అను హార్మోనును కనుగొనెను. కొవ్వునుండి పుట్టి, 'ఇక చాలును' అని మెదడునకు తెలుపునది అది. ఇది పుట్టుకతోనే లోపించిన ఇద్దరు పిల్లలను 1997లో ఇంగ్లండు వైద్యులు గుర్తించిరి. అందు ఎనిమిదేండ్ల బాలిక బరువు 86 కిలోలు. ఎంత తిన్నను ఆకలి తీరదు. లెప్టిన్ సూదిమందు ఇచ్చిన పిదప ఆ ఆకలి అణగి, ఒక్క సంవత్సరములో సుమారు 16 కిలోలు తగ్గెను. ఆ బిడ్డకు లోపించినది బుద్ధి గాదు, హార్మోను.

అయితే ఇట్టి లోపము మిక్కిలి అరుదు. 'అంతయు పుట్టుకలోనే ఉన్నది' అని చేతులు ముడుచుకొనుట తగదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారము దేశములో అధికబరువు గల స్త్రీలు 2005-06లో నూటికి 13 మంది. 2019-21 నాటికి 24 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 36 మంది. పదునైదేండ్లలో జాతి బీజము మారదు. ఇందరికి ఒక్కసారిగా సోమరితనము పుట్టుటయు నమ్మదగినది కాదు. మారినది మన జీవనము. కోతకు యంత్రము వచ్చినది. ప్రక్కవీధికి పోవుటకును మోటారుసైకిలు వచ్చినది. బడి యెదుట కొట్టులో తీపి పానీయములు వ్రేలాడుచున్నవి. కావున బాధ్యత ఒక్కరిది గాదు. ఇంటిది, ఊరిది గూడ.

నా చిన్ననాట బడిలో ఒకనాడు అందరి బరువులు తూచి, పైకి చదివిరి. ఒక బాలుని అంకె వినగానే తరగతి యంతయు నవ్వెను. ఆ నవ్విన వారిలో నేనును ఉంటిని. కబడ్డియనిన ప్రాణమిచ్చు ఆ బాలుడు మరునాటినుండి మైదానమునకు రాలేదు. మా నవ్వు అతని బరువును తగ్గించలేదు. అతనికి మేలుచేయు ఆటనే మాన్పించినది.

లావుగా ఉన్న సోదరులారా, సోదరీమణులారా, సిగ్గుపడి ఇంట దాగవలదు. పళ్లెములో అన్నము కొంత తగ్గించి, పప్పును కూరలను పెంచుడు. దినమును నడువుడు, బరువు త్వరగా తగ్గకున్నను నడకవలన మేలు కలుగును. రక్తపోటు, మధుమేహము పరీక్షలు చేయించుకొనుడు. సన్ననివారును నిశ్చింతగా ఉండరాదు. మన దేశీయులకు సన్నని దేహమునందును మధుమేహము వచ్చుచున్నది.

పెద్దలకు ఒక మనవి. పిల్లల ఆటస్థలమును ఆక్రమణలనుండి కాపాడుడు. ఆడపిల్లలకును అందు చోటు కల్పింపుడు.

సాయంకాలము గ్రంథాలయమునకు నడచి వచ్చుట మంచి అలవాటు. అట్లు నడచివచ్చు లావుబిడ్డను చూచి ఈ ఊర ఎవరును నవ్వకుండుటయే ఈ రజతోత్సవమున మనము చేయదగిన ప్రతిజ్ఞ.