కుడిచేతిని ఎడమచేయి చేసిన అచ్చు: తెజుకా ‘బుద్ధ’ ఇంగ్లీషు ప్రతిపై



ఈ ఏడాది మా మాస్టారి స్మారకోపన్యాసం ఇవ్వమని కార్యవర్గం అడగగానే ఒప్పుకున్నాను. మాస్టారి పాండిత్యం గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్లు ముందు వరసలోనే కూర్చున్నారు. నాకు తెలిసింది చిన్న సంగతి. ఆయనకు ఎడమ చెవి సరిగా వినపడేది కాదు. సాయంత్రం నడకకు వెళితే శిష్యులు తన కుడిపక్కనే నడవాలి. మరిచిపోయి ఎడమవైపు చేరితే మోచెయ్యి పట్టుకుని ఇటు లాక్కునేవారు. ఆ నడకల్లో ఆయన నాతో ఒక్క విషయంలో చివరిదాకా ఏకీభవించలేదు. ‘కథ కథేరా, ఏ పక్కనుంచి చదివితే ఏం?’ అనేవారు. అది కాదని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. ఎందుకు కాదో చెప్పడానికి ఈ వేదికకంటే తగిన చోటు నాకు దొరకదు.

ఒసాము తెజుకా 1972 నుంచి 1983 దాకా ధారావాహికగా గీసిన ‘బుద్ధ’ జపనీస్ మాంగాల్లో, అంటే బొమ్మల కథల్లో, ఎంత గొప్పదో ఇక్కడ వివరించనక్కర్లేదు. న్యూయార్క్‌లోని వెర్టికల్ సంస్థ దాన్ని 2003 నుంచి ఎనిమిది సంపుటాలుగా ఇంగ్లీషులో తెచ్చింది. చిప్ కిడ్ అట్టలు వేశారు. 2004లోనూ 2005లోనూ కామిక్స్‌కు ఇచ్చే ఐస్నర్ పురస్కారాలు వచ్చాయి. హార్పర్ కాలిన్స్ ముద్రణ మన పుస్తకాల షాపులకూ చేరింది. కాగితం మంచిది, కుట్టు గట్టిది, సంభాషణలు హాయిగా సాగుతాయి. మొదటి అధ్యాయంలో కుందేలు మంటలో దూకే ఘట్టం అచ్చులో ఏమాత్రం మసకబారలేదు. ఇవన్నీ ఒప్పుకుని దాటేస్తున్నాను. నా తగాదా ఒక్కటే: ఆ ఎనిమిది సంపుటాల్లో బొమ్మలు తిరగబడ్డాయి.

జపనీస్ పుస్తకం మనం వెనక అట్ట అనుకునే వైపునుంచి తెరుచుకుంటుంది. పుటలో కుడి పైమూలనున్న ఫ్రేముతో మొదలై ఎడమకు సాగుతుంది. ఇంగ్లీషు పాఠకుడికి అది ఇబ్బంది అనుకుని, ప్రచురణకర్తలు పుట మొత్తాన్ని అద్దంలో కనిపించినట్టు తిప్పి అచ్చువేసేవారు. ఎనభై, తొంభైల్లో అమెరికాలో వచ్చిన మాంగాల్లో ఎక్కువభాగం ఈ పద్ధతిలోనే వచ్చాయి. కజువో కొయికె, గొసెకి కొజిమా చేసిన ‘లోన్ వుల్ఫ్ అండ్ కబ్’ను 1987లో ఫస్ట్ కామిక్స్ తిప్పే వేసింది. 2000లో మొదలైన డార్క్ హార్స్ ప్రతీ అంతే. ఎడమ నడుముకు కత్తి కట్టాల్సిన సమురాయ్ ఆ పుటల్లో కుడి నడుముకు కట్టుకుంటాడు. కిమోనో సంగతి ఇంకా తీవ్రం. బతికున్నవాళ్లు తొడిగితే ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వచ్చేలా తొడిగేది శవానికి. తిప్పిన పుటల్లో ఊరు ఊరంతా శవాల బట్టల్లో తిరుగుతుంది. జపాన్ పాఠకుడు దాన్ని ఒక్క చూపులో పట్టేస్తాడు. అమెరికన్ పాఠకుడికి తెలియదు. తెలియనివాడికి నష్టం లేదన్న వాదన ఇక్కడినుంచే పుట్టింది.

‘బుద్ధ’ దగ్గర ఆ వాదన నిలవదు. ఈ కథ జరిగేది కపిలవస్తులో, మగధలో. ఈ పుస్తకం కొన్నవాళ్లలో మనమూ ఉన్నాం. ఏ చేత్తో అన్నం తింటామో, ఏ చేత్తో ఇస్తామో, ఏ చేత్తో పుచ్చుకుంటామో మనకు అక్షరాలకంటే ముందే వస్తుంది. భిక్షువు ఉత్తరీయం ఎడమ భుజం మీదుంటుంది, కుడి భుజం ఖాళీగా ఉంటుంది. అమరావతిలో నిలుచున్న బుద్ధుణ్ణి చూడండి: ఎడమచేతి మీద వస్త్రపు మడతలు, అభయమిచ్చేది కుడిచెయ్యి. భూమిని సాక్షిగా తాకేదీ కుడిచెయ్యే. పూజ్యుణ్ణి కుడివైపు ఉంచుకుని తిరిగితేనే ప్రదక్షిణ. పుట తిప్పగానే ఇవన్నీ ఒక్కసారిగా తారుమారవుతాయి. ఇది ఇల్లస్ట్రేషన్‌లో జరిగిన చిన్న పొరపాటు కాదు, పుస్తకం ప్రతి పుటకూ పెట్టుకున్న నియమం.

నా మీద మొదటినుంచీ వస్తున్న ఆక్షేపణ ఇది: మీరు చెప్పేది నిజమే కావచ్చు, కానీ తిప్పకపోతే ఎవరూ కొనరు. దీనికి జవాబు చరిత్రే ఇచ్చింది. 2002లో టోక్యోపాప్ సంస్థ పుటలు తిప్పడం మానేసి, జపాన్‌లో వచ్చిన వరసలోనే పుస్తకాలు తెచ్చి 9.99 డాలర్లకు అమ్మింది. మనం మొదటి పుట అనుకునే చోట, మీరు తప్పు వైపునుంచి తెరిచారని ఒక హెచ్చరిక వేసింది. పన్నెండేళ్ల పిల్లలు ఒక్క అధ్యాయంలో అలవాటు పడ్డారు. కళమీద గౌరవంతో ఈ మార్పు వచ్చిందని నేననను. తిప్పడానికీ బొమ్మలు దిద్దడానికీ అయ్యే ఖర్చు, సమయం మిగిలాయి, అందుకే వచ్చింది. అయినా పాఠకుడు కుడినుంచి చదవలేడన్న మాట అప్పటితో అబద్ధమైంది. మనకైతే ఆ రుజువు కూడా అక్కర్లేదు. హైదరాబాదులో ‘సియాసత్’ ఉర్దూ పత్రిక 1949 నుంచీ కుడినుంచే తెరుచుకుంటోంది. పక్కనే తెలుగు పత్రిక ఎడమనుంచి తెరుచుకుంటుంది. రెండూ చదివే ఇళ్లున్నాయి. ‘బుద్ధ’ మొదటి సంపుటం వచ్చింది టోక్యోపాప్ ప్రయోగం ఫలించిన తర్వాత. అందుకే దాన్ని క్షమించడం నాకు కష్టంగా ఉంది.

రెండో ఆక్షేపణ బలమైంది. రచయితే ఒప్పుకున్నాక మీకేమిటంటారు. ఇక్కడ ‘అకిరా’ను తెస్తారు. కత్సుహిరో ఒతోమో 1982 నుంచి 1990 దాకా గీసిన ఆ గ్రంథాన్ని మార్వెల్ వారి ఎపిక్ విభాగం 1988లో మొదలుపెట్టి 38 సంచికల్లో రంగులతో, తిప్పి, తెచ్చింది. రంగులు వేసిన స్టీవ్ ఆలిఫ్‌ను ఎంచుకున్నది ఒతోమోయే. తర్వాత డార్క్ హార్స్ నలుపు తెలుపులో ఆరు సంపుటాలుగా వేసినా తిప్పడం మానలేదు. ఇదంతా నిజం. అయితే అదే పుస్తకం 2017లో 35 ఏళ్ల ప్రత్యేక ముద్రణగా వచ్చినప్పుడు కుడినుంచి ఎడమకు, జపనీస్ ధ్వనులు గీతల్లో ఉన్నవి ఉన్నట్టే వచ్చింది. మరుసటి ఏడు ఐస్నర్ పురస్కారమూ పొందింది. ‘నౌసికా’ మాంగాకూ ఇదే జరిగింది: తిప్పిన ప్రతి తర్వాత 2004లో పెద్ద సైజులో, జపాన్ పత్రికలోలాగే గోధుమరంగు సిరాతో, అసలు వరసలో వచ్చింది. రచయిత అనుమతి ఆ రోజుల అమెరికన్ మార్కెట్‌తో చేసుకున్న ఒప్పందం. బొమ్మలో ఏ చెయ్యి ఎక్కడుందో ఆ ఒప్పందం మార్చదు. తెజుకా విషయంలో అదీ లేదు. ఆయన 1989లో పోయారు, ఈ ప్రతి ఆయన చూడనే లేదు.

మధ్యేమార్గం ఒకటుందని కొందరు మిత్రులు గుర్తుచేస్తారు. హిరోఆకి సమురా ‘బ్లేడ్ ఆఫ్ ది ఇమ్మోర్టల్’ను డార్క్ హార్స్ 1996లో మొదలుపెట్టినప్పుడు చిత్రకారుడు తన బొమ్మలు తిప్పొద్దన్నాడు. కథానాయకుడు మంజి వీపుమీద స్వస్తిక ఉంటుంది, తిప్పితే అది మరో గుర్తవుతుంది. అప్పుడు ప్రచురణకర్తలు ఒక్కొక్క ఫ్రేమునూ కత్తిరించి, తిప్పకుండానే ఎడమనుంచి కుడికి పేర్చారు. ఎంతో ఓపికతో చేసిన పని, దాన్ని తక్కువ చేయను. కానీ చదివిచూడండి. ఫ్రేములు కుడికి పోతుంటాయి, వాటిలో కత్తి ఎడమకు దూసుకుపోతుంటుంది. ఫ్రేము చివర మన చూపును తర్వాతి ఫ్రేముకు అందించాలని గీసిన గీత, ఇప్పుడు వెనక్కి నెడుతుంది. చేతులు దక్కాయి, చూపు దక్కలేదు. పుట అంటే ఫ్రేముల మూట కాదు, కన్ను నడిచే దారి. ఆ దారిని ఒకవైపునుంచి కట్టినప్పుడు అటునుంచే నడవాలి.

ఇక పండితులు తెచ్చే వాదన. కళాచరిత్రకారిణి విద్యా దెహేజియా 1990లో ఆర్ట్ బులెటిన్‌లో రాసిన వ్యాసంలోనూ, 1997 నాటి గ్రంథంలోనూ తొలి బౌద్ధ శిల్పంలో కథనరీతులను విడదీసి చూపారు. శిల్పి చాలాచోట్ల ఘటనలను కాలక్రమంలో కాక స్థలాన్నిబట్టి అమర్చాడని ఆమె నిరూపించారు. దీన్ని పట్టుకుని, బౌద్ధకథకే దిక్కు లేనప్పుడు తెజుకా పుటకు దిక్కెందుకని నన్ను ఒక సమావేశంలో నిలదీశారు. ఇది దెహేజియాను తప్పుగా చదవడం. చెన్నై మ్యూజియంలోని అమరావతి నలగిరి పతకంలో ఒకే ఏనుగు రెండుసార్లుంటుంది: ఒకచోట జనాన్ని తొక్కుతూ, మరోచోట మోకరిల్లి. రెండు క్షణాలూ ఒకే వృత్తంలో ఉన్నాయి కాబట్టి అక్కడ కాలం చెదిరిందనొచ్చు. శరీరం చెదరలేదు. బుద్ధుడి కుడిచెయ్యి కుడిచెయ్యే. పైగా పతకానికి చెప్పినది పొడవాటి పట్టీలకు వర్తించదు. నాగార్జునకొండలో స్తూపానికి నాలుగు దిక్కులా ముందుకొచ్చే ఆయక వేదికల పట్టీల్లో దంపతుల బొమ్మలతో విడదీసిన ఘట్టాలు వరసగా నడుస్తాయి. అదీ ఆమె చూపించినదే.

ఆ వరస ఎటు నడుస్తుంది? ప్రదక్షిణ చేసేవాడికి స్తూపం కుడిచేతివైపుంటుంది. దానికేసి ముఖం తిప్పి నిలబడితే అతను నడిచే దిక్కు తన ఎడమ. అంటే స్తూపం గోడమీది కథ అతనికి కుడినుంచి ఎడమకు అందుతుంది, జపనీస్ పుటలాగే. అదే మనిషి వెనక్కి తిరిగి రాతి ప్రాకారం లోపలి ముఖం చూస్తే, అదే నడకలో కథ ఎడమనుంచి కుడికి వస్తుంది. కృష్ణాతీరంలో రెండు దిక్కుల చదువూ ఒకే అడుగులో ఉండేదన్నమాట. మాస్టారితో నేను గట్టిగా చెప్పలేకపోయింది ఇదే. ఆయన పోయాక ఆ చోట్ల కొలతలు తీసుకుంటూ తిరిగినప్పుడు నాకు స్పష్టమైంది.

అమరావతి ఫలకాలు ఇవాళ తమ చోట లేవు. 1816లో మెకంజీ బృందం బొమ్మలు గీసింది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. 1859లో ఒక భాగం లండన్‌కు వెళ్లింది, మరో భాగం మద్రాసులో ఉండిపోయింది. మ్యూజియాల్లో వాటిని నిటారు గోడకు, సందర్శకుడు నడిచే వీలునుబట్టి పేర్చారు. వాటి ఫోటోలు వేసిన పుస్తకాలన్నీ ఎడమనుంచే తెరుచుకుంటాయి. ఎవరూ రాయిని అద్దంలో తిప్పలేదు, కానీ కుడినుంచి రావాల్సిన ఘట్టాలను ఎడమనుంచి అందిస్తున్నారు. ‘బ్లేడ్ ఆఫ్ ది ఇమ్మోర్టల్’కు జరిగినదే వీటికీ జరుగుతోంది.

అందుకని నేను ఇప్పుడు ఈ కృష్ణాతీర శిల్పాలతో ఒక పుస్తకం కడుతున్నాను. స్తూపం గోడమీది పట్టీలు కుడి అట్టవైపునుంచి, ప్రాకారం లోపలి ముఖం ఎడమ అట్టవైపునుంచి మొదలై రెండూ నడుమ కలుస్తాయి. పుట సంఖ్యలు రెండు వరసలు. అచ్చువేస్తామన్న ఒక సంస్థ, పాఠకులు తికమక పడతారని, రెండు భాగాలూ ఎడమనుంచే పెట్టమని కోరింది. నేను ఒప్పుకోలేదు. పిల్లలు ఒక్క అధ్యాయంలో నేర్చుకున్న చదువును మన పెద్దవాళ్లు నేర్చుకోలేరని నేననుకోను.

ఈ పనిలో నాకు సాయం కావాలి. 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండలో తవ్వకాలు జరిగినప్పుడు అక్కడ పనిచేసినవాళ్ల ఇళ్లలో ఫోటోలు, నోటు పుస్తకాలు ఇంకా ఉండొచ్చు. మధ్యలోని శిల్పం బాగా వచ్చిన ఫోటోలు నా దగ్గర చాలా ఉన్నాయి. నాకు కావలసినవి ఫలకం అంచులూ, పక్క ఫలకానికి అతుక్కునే గాడులూ, వెలికి తీసిన చోటూ కనిపించేవి. అంచుంటే పక్కన ఏది ఉండేదో తేలుతుంది. అలాంటివి ఎవరి పెట్టెలోనైనా ఉంటే సభ ముగిశాక నన్ను కలవండి. కాపీ తీసుకుని అసలు మీకే తిరిగి ఇస్తాను.