పంట నష్టం లెక్కకు ఏఐ, మ్యాపు: మా లంకలో ఏం జరిగింది
(రైతు సంఘం మండల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మమ్మల్ని ఏఐ గురించి మాట్లాడమన్నారు. మేం హైస్కూలుతో చదువు ఆపి అరక పట్టినవాళ్లం. కంప్యూటరు పాఠం చెప్పే తాహతు మాకు లేదు. 2024 వరదల తర్వాత ఫోన్లో ఏఐ చాట్‌ని, ఉపగ్రహ చిత్రాలని పెట్టుకుని పంట నష్టం లెక్క తేల్చడానికి మేం పడ్డ పాట్లు మాత్రం చెప్పగలం. అందులో పనికొచ్చినవీ ఉన్నాయి, నవ్వులపాలైనవీ ఉన్నాయి. రెండూ దాచకుండా చెబుతాం.

2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కులు కిందికి వదిలారు. బ్యారేజీ కట్టాక అంత నీరు ఎప్పుడూ రాలేదు. కరకట్టకు లోపల ఉండే లంకలవాళ్లకి ఆ అంకె అర్థం వేరే చెప్పక్కర్లేదు. పసుపు, కంద, అరటి, కూరపాదులు అన్నీ నీళ్ల కింద. మా లంకలో నాలుగు రోజులు నీరు నిలిచింది.

నీరు తీశాక లెక్కలు రాయడానికి మనుషులు వచ్చారు. వాళ్లని తిట్టడం మా ఉద్దేశం కాదు. ఒక్కొక్కరి మీద వందల ఎకరాలు, కాళ్ల కింద మోకాలి లోతు ఒండ్రు. పడవ దిగిన రేవు దగ్గర చేలు చూశారు, అవతలి చివరకి పోలేదు. దానికి తోడు పసుపు సంగతి మీకు తెలుసు. నీరు తీసిన మూడో రోజు చూస్తే ఆకు పచ్చగానే నిలబడి ఉంటుంది. లోపల దుంప కుళ్లి, ఆకు పసుపెక్కి, మొవ్వు లాగితే ఊడి చేతికొచ్చేసరికి రెండు వారాలు. 33 శాతం, ఆపైన పంట పోతేనే సాయం అన్నది నిబంధన. చూసిన రోజున పచ్చగా ఉంది కాబట్టి 33 శాతం లేదని రాశారు. అలా మా లంకలో జాబితాకి ఎక్కని పసుపు చేలు చాలా ఉన్నాయి. వాటిలో సగానికి పైగా కౌలు చేలే.

అప్పుడే మా ఊరి పిల్ల ఒకమ్మాయి, డిగ్రీ చదువుతోంది, "పెదనాన్నా, ఉపగ్రహం ప్రతి అయిదు రోజులకీ ఫోటో తీస్తుందట, డబ్బులివ్వక్కర్లేదట, ఏఐని అడిగితే ఎలా చూడాలో చెబుతుందట, చూద్దామా?" అంది. ఆ అమ్మాయి వెనకాల మేం నలుగురం కూర్చున్నాం.

మొదటి రోజే దెబ్బ తిన్నాం. మా సర్వే నంబరు, ఊరి పేరు తెలుగులోనే కొట్టి, "ఇందులో ఎంత మునిగింది?" అని అడిగాం. క్షణంలో జవాబొచ్చింది. 62 శాతం పంట నష్టం, తేదీలతో సహా. మాకు సంతోషం పట్టలేదు. మాలో ఒకాయన అప్పుడే అర్జీ రాయడానికి కాగితం తీశాడు. ఆ అమ్మాయే ఆపి, "నువ్వు ఏ చిత్రం చూసి చెప్పావు?" అని ఎదురడిగింది. దానికది క్షమాపణ చెప్పి, తాను ఏ చిత్రమూ చూడలేదని, అది ఉదాహరణ కోసం ఇచ్చిన అంకె అని ఒప్పుకుంది. ఆ అంకెతో ఆఫీసుకి వెళ్లి ఉంటే మా పరువు, సంఘం పరువు రెండూ కృష్ణలో కలిసేవి. కాబట్టి మిత్రులారా, చాట్‌లో ఊరికే అడిగితే వచ్చే అంకెని అంకెగా తీసుకోవద్దు. దానికి మన సర్వే నంబరు హద్దులు తెలియవు. తెరమీది మ్యాపుని ఫోటో తీసి ఇచ్చినా అది చూపు అంచనాతోనే మాట్లాడుతుంది.

మరి దేనికి పనికొచ్చింది? లెక్క కట్టే యంత్రం వేరే ఉంది, ఆ యంత్రానికి ఏం చెప్పాలో రాసిపెట్టడానికి ఏఐ పనికొచ్చింది. గూగుల్ ఎర్త్ ఇంజిన్ అని ఒకటి ఉంది. వ్యాపారానికి కాకపోతే పేరు నమోదు చేసుకుని ఉచితంగా వాడుకోవచ్చు. యూరపు వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు అందులో ఉంటాయి. దాన్ని నడపాలంటే కోడ్ రాయాలి. అది మన వల్ల కాదు. ఫలానా హద్దు లోపల, ఫలానా తేదీల మధ్య, మబ్బు లేని చిత్రాలు తీసి పైరు పచ్చదనం లెక్క కట్టమని తెలుగులో చెబితే ఏఐ ఆ కోడ్ రాసిచ్చింది. అతికించి నడిపితే ఎర్రగా తప్పు చూపించేది. ఆ తప్పుని మళ్లీ చాట్‌లో పెడితే సరిచేసేది. ఇలా ఒక రాత్రంతా సాగింది.

పచ్చదనం లెక్క అంటే ఏమిటో రెండు ముక్కలు. బతికున్న ఆకు ఎర్ర కాంతిని తాగేసి, మన కంటికి కనబడని పరారుణ కాంతిని వెనక్కి కొడుతుంది. ఉపగ్రహం రెండింటినీ కొలుస్తుంది. పరారుణంలోంచి ఎరుపు తీసేసి, వచ్చినదాన్ని రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీవీఐ. నిండు పైరుకి ఆ అంకె ఒకటి వైపు పోతుంది, ఉత్త నేలకి సున్నా దగ్గరలో ఉంటుంది, నీటికి సున్నా కంటే దిగుతుంది.

ఇక హద్దుల దగ్గర వచ్చిన చిక్కు చెప్పాలి. ఫోన్ పట్టుకుని గట్ల మీద నడిచి మూలల దగ్గర స్థానం రాసుకున్నాం. ఫోన్ ముందు అక్షాంశం చెబుతుంది, ఆ తర్వాత రేఖాంశం. ఎర్త్ ఇంజిన్‌కి రేఖాంశం ముందు ఇవ్వాలి. ఏఐ ఆ సంగతి మరిచి మనమిచ్చిన వరసలోనే పెట్టింది. తీరా చూస్తే మా పసుపు చేను నార్వేకి పైన, ఉత్తర ధ్రువం దారిలో మంచు సముద్రంలో తేలింది. నవ్వుకున్నాం గానీ, చిన్న తేడా అయ్యుంటే పక్క ఊరి చేలో పడేది, మాకు తెలిసేదీ కాదు. అందుకే ఏ లెక్కా చూడకముందు హద్దుని మ్యాపు మీద వేసి, రేవు, మర్రిచెట్టు, డొంక ఎక్కడున్నాయో కళ్లతో సరిచూసుకోవాలి.

రెండోది ఇంకా పెద్ద తప్పు. నడవలేని చేలకి ఎఫ్‌ఎంబీ పటం కొలతలు ఇచ్చాం. పాత పటాల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. 66 అడుగుల గొలుసుకి 100 లింకులు. ఏఐ వాటిని మీటర్లనుకుంది. మీటరుకి దాదాపు 5 లింకులు కాబట్టి పొడవు 5 రెట్లు, విస్తీర్ణం 25 రెట్లు పెరిగింది. 2 ఎకరాల ఆసామి కాస్తా 50 ఎకరాల భూస్వామి అయ్యాడు. గొలుసు లాగి కొలిచిన మా నాన్నగారి కాలంవాళ్లయితే ఈ తప్పు చూడగానే పట్టేవాళ్లు. తెలంగాణ నుంచి వచ్చిన మిత్రులకి ఇంకో జాగ్రత్త. మీ పాసుపుస్తకంలో 2.20 అంటే 2 ఎకరాల 20 గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. మాకైతే అదే 2 ఎకరాల 20 సెంట్లు. ఈ తేడా మీరు విడమరిచి చెప్పకపోతే ఏఐ తనకి తోచినట్టు అనుకుంటుంది.

చిన్న కమతాల సంగతి కూడా వినండి. సెంటినెల్ చిత్రంలో ఒక్కో గడి 10 మీటర్లు పొడవు, 10 మీటర్లు వెడల్పు. అంటే దాదాపు రెండున్నర సెంట్లు. ఎకరాకి 40 గడులు వస్తాయి, లెక్క నిలుస్తుంది. 20 సెంట్ల తమలపాకు తోటకి 8 గడులే, అందులో అంచు గడుల్లో పక్కవాడి అరటి కూడా కలుస్తుంది. అంత చిన్న చేలని మేం లెక్కలోంచి తీసేశాం. వాళ్లకి బాధ కలిగింది, అయినా తప్పలేదు.

చిత్రాలేమో వరద రోజులవి దొరకలేదు. పైన అంతా మబ్బే. మబ్బులోంచి చూసే రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 ఉంది గానీ, అప్పటికి పనిచేస్తున్నది ఒక్కటే, 12 రోజులకొకసారి వచ్చేది. మధ్యలో వచ్చి పోయిన వరద దానికి చిక్కకపోవచ్చు. అందుకని మునిగిందా లేదా అన్నది వదిలేసి, ముందు పైరు ఎలా ఉంది, నెల తర్వాత ఎలా ఉంది అన్నదే చూశాం.

చూస్తే కొన్ని చేలలో ఎన్‌డీవీఐ పడి, మళ్లీ పెరిగింది. "పంట కోలుకుంది" అని ఏఐ తేల్చింది. మా వెనకాల కూర్చున్న ఒక కౌలు రైతు పిన్ని ఆ మాట విని మండిపడింది. "కోలుకున్నది పసుపు కాదయ్యా, తుంగ, గరిక! రెండు కూలీల ఖర్చు పెట్టలేక వదిలేశాను, అదే పెరిగింది" అంది. నిజమే, ఉపగ్రహానికి పచ్చన ఉన్నదల్లా పచ్చదనమే. మేం చేను చేనుకీ వెళ్లి, మొక్క పీకి దుంప చూసి, ఫోటో తీసి, తేదీ రాసుకొచ్చాం. ఆ పిన్నే ఇంకో మాట అంది. "కరకట్ట అవతల మునగని పసుపు ఉందిగా, అది ఆ నెలలో ఎలా పెరిగిందో పక్కన పెట్టి చూడండి" అని. మాకు గానీ, ఏఐకి గానీ ఆ ఆలోచన రాలేదు. అలాగే చేశాం. కట్ట బయటి పసుపుకి ఆ నెలలో అంకె పెరిగింది, కట్ట లోపలి పసుపుకి సగానికి పడింది. మా అర్జీలో గట్టిగా నిలబడ్డ కాగితం అదొక్కటే.

ఆఫీసుకి పోతే మొదట, "ఫోన్లో వేసిన రంగు బొమ్మలు మేం ఎలా తీసుకుంటామండీ?" అన్నారు. మేం బొమ్మలకి డబ్బులివ్వమనలేదు. "ఈ నంబర్లు ఎవరూ వచ్చి చూడలేదు, మళ్లీ వచ్చి చూడండి" అనే అడిగాం. బొమ్మ, చేలో తీసిన ఫోటో, ఈ-క్రాప్ నమోదు కాగితం మూడూ ఒక్కో చేనుకి కలిపి కుట్టి ఇచ్చాం. రెండోసారి తిరిగాక మళ్లీ లెక్కకి మనుషుల్ని పంపారు. కొన్ని చేలు జాబితాకెక్కాయి. కొన్ని ఎక్కలేదు, గడువు దాటిందన్నారు.

ఎక్కినవాటిలోనూ ఒక అన్యాయం మిగిలింది. ఉపగ్రహం చేను చూస్తుంది, దున్నిందెవరో చూడదు. భూయజమాని సంతకం పెడితేనే అప్పట్లో కౌలు కార్డు ఇచ్చేవారు, ఆయన పెట్టలేదు. కార్డు లేక, ఈ-క్రాప్‌లో పేరు లేక, మేం అంత కష్టపడి ఎక్కించిన కొన్ని చేల డబ్బు యజమాని ఖాతాలో పడింది. తుంగ మాట చెప్పిన పిన్ని చేను అందులో ఒకటి. ఆయన ఆమెకి ఇంతవరకు ఇవ్వలేదు. సంఘం తరఫున పెద్దమనుషుల్లో పెట్టాం, ఇంకా తేలలేదు. ఏఐతో అయ్యే పని కాదది.

ఒక హెచ్చరిక. అర్జీ రాయించుకోవాలని ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, పాసుపుస్తకం ఫోటో చాట్‌లో పెట్టకండి. మేం రైతుల పేర్లు కూడా పెట్టలేదు, చేను ఒకటి, చేను రెండు అనే రాశాం. ఎవరు కౌలుకి చేస్తున్నారన్న జాబితా బయటికి పొక్కితే వచ్చే ఏడు భూమి ఇవ్వరు.

ఈ ఏడు వరద రాకముందే హద్దులు నడిచి పెట్టుకోవాలని మా ఊళ్లో అనుకున్నాం. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి రేవు దగ్గర కలుస్తున్నాం. పక్క లంకలవాళ్లు కూడా రావచ్చు. ఛార్జింగ్ నిండా ఉన్న ఫోను, ఎఫ్‌ఎంబీ నకలు ఉంటే అది, లేకపోతే గట్టు తెలిసిన పెద్దాయన ఒకరిని వెంట తెచ్చుకోండి. అరటి తోటలున్నవాళ్లు ముందే చెప్పండి, ఆకు కింద ఫోను స్థానం సరిగా చూపించదు, వాటికి టేపు పట్టుకొస్తాం.