ఏప్రిల్ ఒకటో గడిలో ఏం రాయాలి?

(కొత్త క్యాలెండర్ తయారీపై కోటబొమ్మాళిలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





క్యాలెండర్ వేద్దామనుకున్నప్పుడు ఇదేటి పెద్ద పని అనుకున్నాం. పన్నెండు కాగితాలు, 365 గళ్లు. కానీ ఏ గడిలో ఏం రాయాలన్న దగ్గర మాలో మేమే తగువు పడ్డాం. ఆ తగువులు మీ ముందు పెట్టడానికే ఈ సమావేశం.

ఇన్నాళ్లూ మన గోడలకు వేలాడిన క్యాలెండర్లు ఎవరివి? ఎరువుల కొట్టువి, బంగారం కొట్టువి, సర్కారువి. వాటిలో వర్జ్యం ఉంటుంది, దుర్ముహూర్తం ఉంటుంది. మన గడ్డ మీద జరిగింది ఉండదు.

ఏప్రిల్ ఒకటి చూడండి. 1936లో ఆ రోజునే ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. అవతల అది పండుగ. మనకు? పర్లాకిమిడి పట్నం అటు పోయింది, పాతపట్నం, టెక్కలి ఇటు మిగిలాయి. చుట్టాలు, సంతలు, పొలాలు రెండు ముక్కలయ్యాయి. పర్లాకిమిడిని అటు కలపడం సహించలేక గిడుగు రామమూర్తి గారు ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవమని అందరూ జరుపుతారు. ఈ వలస సంగతి వేదికల మీద ఎవరూ ఎత్తరు. సవర భాషకు ఆయన వ్యాకరణం రాసిన సంగతీ అంతే. ఆగస్టు 29 గడిలో సవర మాట కూడా ఉండాలని మేం తీర్మానించాం. దీని మీద తగువు రాలేదు.

తగువంతా ఏప్రిల్ ఒకటి మీదే. ఎందుకంటే 1940లో అదే రోజున మందస జమీందారీ అడవి మీద హక్కు కోసం నిలబడ్డ గుడారి రాజమణిపురం రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. గర్భిణి గున్నమ్మతో సహా ఐదుగురు పోయారు. అంతకు కొద్ది రోజుల ముందే పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. గడి ఒకటి, సంగతులు రెండు. సరిహద్దు గీసిన రోజు మన ఉద్యమానికి ముఖ్యమని కొందరన్నారు. మేం మాత్రం గున్నమ్మ పేరు పైన, సరిహద్దు సంగతి కింద చిన్న అక్షరాల్లో అన్నాం. గీత గీసింది మనవాళ్లు కాదు, అడవి కోసం నిలబడింది మనవాళ్లు. ఈ లెక్కనే జమీందార్ల పుట్టినరోజులన్నీ కొట్టేశాం. బొబ్బిలి యుద్ధం, 1757 జనవరి 24, ఉంచాం. దాన్ని తీసేస్తే బొబ్బిలి మిత్రులు క్యాలెండర్ తీసుకోరు. ఎలా రాసినా విజయనగరం మిత్రులకు నచ్చదు. ఆ కష్టం మాకు వదిలేయండి.

నవంబర్ ఒకటి ఇంకో చిక్కు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజు. 2014 విభజన తర్వాత కొన్నేళ్లు సర్కారే దాన్ని పక్కన పెట్టి జూన్ 2 నుంచి నవనిర్మాణ దీక్షలు చేసింది. 2019లో మళ్లీ నవంబర్ ఒకటికే వచ్చింది. తమ పుట్టినరోజు ఏదో పాలకులకే తేలలేదు. మనకు మాత్రం 1966 నవంబర్ ఒకటి ఉంది. ఉక్కు ఫ్యాక్టరీ కోసం రోడ్డెక్కిన జనం మీద విశాఖలో కాల్పులు జరిగిన రోజు అది. ఆ పోరాటంలో రాష్ట్రమంతటా పోయినవాళ్లు 32 మంది. దానికి ముందు గడి, అక్టోబర్ 31. 1967లో మొండెంఖల్ సభకు పోతున్న గిరిజనుల మీద లేవిడిలో భూస్వాములు తుపాకులు పేల్చిన రోజు. కోరన్న, మంగన్న ఒరిగిపోయారు. పక్కపక్క గళ్లలో రెండూ ఉంటాయి.

ఇక ఫిబ్రవరి 28. 2011లో కాకరాపల్లి థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద కాల్పులు. ఇక్కడికి ఎంత దూరం? పక్క మండలమే కదా. అంతకు ముందు ఏడు జూలై 14న సోంపేట బీల కోసం అలాగే ప్రాణాలు పోయాయి. ఈ రెండూ వేస్తే ఆఫీసు గోడకు తగిలించలేం, పై అధికారి చూస్తే ఏం చెప్పాలని ఉద్యోగ మిత్రులు కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే, వాళ్ల ఇబ్బంది మాకు తెలియంది కాదు. అయినా పక్క మండలంలో పోయిన ప్రాణాలకు చోటు లేని క్యాలెండర్ మనకెందుకు? చివరికి ఒక దారికి వచ్చాం. విశేషణం ఒక్కటీ ఉండదు. అమరత్వం, దమనకాండ లాంటి మాటలు ఉండవు. ‘కాకరాపల్లి కాల్పులు, 2011’. అంతే. ఇంత మాత్రం రాయడానికి ఎవరి అనుమతి కావాలి? దాన్ని పట్టుకొని మిమ్మల్ని అడిగినవాళ్లు ఆ రోజు ఏం జరగలేదని చెప్పాలి.

ఒక జాగ్రత్త. తేదీ ఒక్కటి తప్పితే మిగతా వాటినీ ఎవరూ నమ్మరు. అందుకే రెండు చోట్ల సరిపోలని తేదీని ఆపేస్తున్నాం, అది ఎంత గొప్ప సంగతైనా సరే.

తేదీ లేనివి కూడా ఉన్నాయి. బర్మా పోయినవాళ్లు 1942లో అడవుల్లో నడిచి తిరిగొచ్చారు. ఆ నడకకు ఏ తేదీ వేస్తాం? కొత్తమ్మతల్లి జాతర పోలాల అమావాస్యను బట్టి ఏటా జరుగుతూ ఉంటుంది, దాన్నీ గడిలో బంధించలేం. అందుకని ప్రతి కాగితం అడుగున రెండు వరసలు ఖాళీగా వదిలాం. మీ ఇంట్లో ముసలివాళ్లను అడగండి. ఏ నెల, ఏ కారు, ఏ తుఫాను తర్వాత అన్నది చాలు. వచ్చే ఆదివారం లోపు రాసి పట్టుకురండి. జనవరి, ఫిబ్రవరి కాగితాలు ప్రెస్సుకు వెళ్లిపోయాయి. మార్చి నుంచి ఇంకా మన చేతిలోనే ఉన్నాయి.