టెక్సాస్ మైదానములందలి పూర్వవస్తుశాల



వస్తుప్రదర్శనశాల యనగానే మనకు స్ఫురించునవి రాజుల ఖడ్గములు, దంతపు కుర్చీలు, చేయి విరిగిన శిలావిగ్రహములు. హైదరాబాదున సాలారుజంగు వస్తుశాల చూచివచ్చినవారు గడియారములోని బొమ్మ వెలుపలికి వచ్చి గంట కొట్టిన ముచ్చట పదేపదే చెప్పుచుందురు. నేడు నేను చెప్పదలచిన వస్తుశాలలో రాజు లేడు. నీరు తోడు గాలిమర యున్నది, వంటబండి యున్నది, ముండ్లతీగ యున్నది. అది అమెరికా దేశమున టెక్సాస్ రాష్ట్రపు ఉత్తరభాగమున, కాన్యన్ అను చిన్న పట్టణమున కలదు. ఆ సీమకు పాన్‌హాండిల్ అని పేరు. పెనపు కాడ యని ఆ మాటకు అర్థము. పటములో చూచినచో ఆ భాగము రాష్ట్రమునకు కాడవలెనే పైకి నిక్కియుండును.

అది చెట్టుచేమలు అరుదైన గడ్డిబయలు. వాన తక్కువ, గాలి యెక్కువ. అనంతపురపు మెట్టచేల నెరిగినవారు కొంత ఊహించుకొనవచ్చును గాని, అచ్చట చలికాలమున మంచు కురియును. అది మన యూహకు అందదు. 1876లో చార్లెస్ గుడ్‌నైట్ అను పశుపాలకుడు తన మందను పాలో డ్యూరో అను లోతైన లోయలోనికి తోలుకొని వచ్చెను. అతని వెనుక మరికొందరు పశువులతోను, అటుపిమ్మట ఇంకెందరో నాగళ్లతోను వచ్చి కాపురముండిరి. వారిని పయనీర్లందురు. త్రోవ తీసినవారని భావము. ఆ మాట యెంతవరకు చెల్లునో పిదప విచారింతము.

1921లో ఆ యూరి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో హాటీ ఆండర్సన్ అను చరిత్రోపాధ్యాయిని ఉండెను. ఆమె ఆ సీమకు క్రొత్తది. విద్యార్థులకు గ్రీసు, రోము దేశముల కథలు చెప్పుచు, వారి తాతల కథ ఏ పుస్తకమునను లేదని గ్రహించినది. మొదట వచ్చి స్థిరపడినవారిలో అనేకులు అప్పటికి సజీవులు. ఆమెయు, తోడి యధ్యాపకులును, విద్యార్థులును కలిసి పాన్‌హాండిల్ ప్లెయిన్స్ చారిత్రక సంఘమును స్థాపించిరి. ఇండ్లకు పోయి, అటకలమీదివి, కొట్టములలోనివి అడిగి తెచ్చిరి. అడిగినది సామానుమాత్రమే కాదు; దానిని వాడినవారి మాటను గూడ. నా దృష్టిలో ఆ సంఘమువారి పనిలో మిక్కిలి విలువైనది ఇదియే.

జె. ఎవెట్స్ హేలీ అనునాతడు ఆ కళాశాలలోనే చదివినవాడు. సంఘము పక్షమున ఊరూర తిరిగి, ముసలి పశుపాలకుల ముంగిళ్లలో కూర్చుండి, వారు చెప్పినది వ్రాసికొనెను. గుడ్‌నైట్ తొంబదిమూడేండ్లు బ్రతికి 1929లో మరణించెను. హేలీ అతని నోట వినిన సంగతులతో 1936లో అతని జీవితచరిత్రమును వెలువరించెను. పదేండ్లు ఆలసించియుండినచో ఆ గ్రంథమున వినికిడి కథలే మిగిలియుండెడివి.

1933లో, దేశమంతటను బీదరికము తాండవించుచుండగా, సంఘము చందాలు కూర్చి, రాష్ట్ర ప్రభుత్వముచేతను కొంత యిప్పించుకొని భవనము కట్టించినది. దాని ద్వారబంధము చుట్టును రాతిలో చెక్కినవి దేవతామూర్తులు కావు. పశువులకు వేయు వాతల ముద్రలు. కంచెలు లేని బయలులో పదిమంది మందలు కలిసి మేయును. ఎవరి పశువేదో ముద్రనుబట్టి తేల్చుకొనవలెను. దేవుని పేర విడిచిన ఆబోతుకు అచ్చు వేయుట మీరెరిగినదే. మన ముద్ర ఆబోతును ఎవరిదియు కాకుండ చేయును; వారి ముద్ర దానిని ఒకని సొత్తుగా నిలుపును.

ఆ బయలులో వంటచెరకు దొరకదు. తొలిరోజులలో అడవిదున్నల పేడ, అవి పోయినపిమ్మట పశువుల పేడ ఎండినది ఏరుకొనివచ్చి పొయ్యిలో పెట్టిరి. మనవలె తట్టి గోడకు కొట్టు పని లేదు. ఇండ్లకు కలపయు కరవే. నేలలో సగము లోతు త్రవ్వి, పైన కప్పు వేసి, అందు పిల్లలతో కాపురము చేసినవారనేకులు. దుంగలతో ఇల్లు కట్టినవాడు కలిగినవాడు. అట్టి ఇల్లు, 1877 నాటిది, టీ యాంకర్ అను పశుక్షేత్రమునుండి తెచ్చి వస్తుశాల యావరణలో నిలిపిరి.

నీటికై వారు గాలిని నమ్మిరి. మన మోటకు ఎడ్లజత, తోలెడి మనిషి కావలెను. గాలిమరకు ఏదియు అక్కరలేదు. దాని తోక చక్రమును గాలికి ఎదురుగా త్రిప్పును. గాలి ముమ్మరించినచో చక్రము తానే ఓరకు తొలగి విరిగిపోకుండ తప్పించుకొనును. ఎక్స్‌ఐటీ అను పశుక్షేత్రము ముప్పది లక్షల యెకరములది. రాజధానియైన ఆస్టిన్‌లో శాసనసభా భవనము కట్టించినవారికి సొమ్మునకు మారుగా రాష్ట్రము ఇచ్చిన భూమి యది. అందు మూడు వందలకు పైబడి గాలిమరలు తిరిగెడివి. ముండ్లతీగకు 1874లో గ్లిడ్డెన్ అను రైతు హక్కుపత్రము పొందెను. నీరు ఎచ్చటనైనను దొరకి, కంచె చవుకయైనతోడనే బయలు ముక్కలు ముక్కలైనది. గడ్డిని దున్ని గోధుమ వేసిరి. 1930 తరువాత వానలు తప్పగా, వేళ్లు లేని మన్ను గాలికి లేచినది. 1935 ఏప్రిల్ 14వ తేదీన వచ్చిన దుమ్ముతుపాను పట్టపగలు చీకటి చేసినది.

చమురుబావుల యంత్రములు, భూగర్భమున దొరకిన జంతువుల యెముకలు, చిత్రపటములు గూడ కలవు. వానిని గూర్చి చెప్పుటకు వ్యవధి చాలదు.

ఒక వస్తువును మాత్రము విడువరాదు. అది క్వానా పార్కర్ ధరించిన గ్రద్దయీకల శిరోవేష్టనము. ఇతడు కొమాంచీ జాతి నాయకుడు. గుడ్‌నైట్ వచ్చుటకు రెండేండ్లు ముందు, 1874 సెప్టెంబరు 28న, మెకెంజీ అను సేనాని పాలో డ్యూరో లోయలోని కొమాంచీ, కయొవా, షయాన్ జనుల గుడిసెలపై పడెను. చచ్చినవారు కొద్దిమందియే. కాని పట్టుబడిన గుఱ్ఱములలో వేయికి పైగా కాల్చి చంపించెను. గుఱ్ఱము లేనిదే ఆ జనులకు వేట లేదు, కూడు లేదు. అడవిదున్నలను అప్పటికే తోళ్లకై వేటగాండ్రు కడతేర్చుచుండిరి. మరుసటి యేడు క్వానా లొంగిపోయెను. కనుక గుడ్‌నైట్ ప్రవేశించినది ఖాళీ లోయ కాదు, ఖాళీ చేయించిన లోయ. ఈ యీకలున్న శాలలో త్రోవ తీసినవారను మాటను కొంచెము తగ్గించి పలుకుట న్యాయమని నా యభిప్రాయము. తరువాతి కాలమున క్వానాయు గుడ్‌నైటును స్నేహితులైరి. దున్నలు నశించుచుండగా గుడ్‌నైట్ భార్య మేరీ ఆన్ కొన్ని దూడలను పెంపించెను. వాని సంతతి నేటికిని టెక్సాస్ ప్రభుత్వపు ఉపవనమున మేయుచున్నది.

కాలక్రమమున అచ్చట చేరిన వస్తువులు ఇరువది లక్షలకు మించినవి. అయినను 2025 మార్చిలో, అగ్నిభయమునుండి రక్షించు ఏర్పాటులు చాలవను కారణమున, ఆ వస్తుశాల తలుపులు మూయబడినవి. తొంబదిరెండేండ్ల యిల్లది, అతుకులమీద అతుకులుగా పెరిగినది. భవనము అచ్చటి విశ్వవిద్యాలయముది, సామాను ఆ చారిత్రక సంఘముది. ఇచ్చిన ముసలివారిలో ఒకడును నేడు లేడు, మనుమలున్నారు. మా తాత బండి ఏమైనదని వారడుగుటలో తప్పులేదు. ఇరువది లక్షల వస్తువులకు, వానిని గూర్చి వ్రాసిపెట్టిన కాగితములకు మరియొక యిల్లు వెదకవలసివచ్చినచో అది యెంతటి పనియో, ఒక చిన్న కాపురము మార్చినవారెల్లరు నెరుగుదురు.