రుజువు అడిగిన గబ్బిలం

 నిజాంపట్నంలో మాస్టారి స్మారకోపన్యాసం ఇది. మాస్టారిని ఎరిగినవాళ్ళే ఇక్కడ ఎక్కువ కనుక ఒక్క సంగతే చెబుతాను. సాయంత్రాలు బడి వరండాలో కూర్చుని చేపల వేటకు వెళ్ళేవాళ్ళకు అర్జీలు రాసిపెట్టేవారు. "ఏడుపు తర్వాత, ముందు తేదీ చెప్పవయ్యా" అనేవారు. నేను ఏళ్ళ తరబడి పడుతున్న తగవంతా ఆ మాటలోనే ఉంది: అర్జీకి బలం ఏడుపా, రుజువా?

చెప్పేవాడి మీద నమ్మకం, వినేవాడి గుండె, మాటలోని తర్కం: ఒప్పించడానికి ఈ మూడు దారులని అరిస్టాటిల్ చెప్పింది మీకు తెలిసిందే. 1963 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి మార్టిన్ లూథర్ కింగ్ రాసిన లేఖలో ఈ మూడూ ఉన్నాయని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అక్కడ తగవు లేదు; నా తగవు కవి జాషువా దగ్గర.

1941లో వచ్చిన ఆయన గబ్బిలాన్ని కరుణరస కావ్యమని పాఠం చెప్పి ముగిస్తాం. కవి దేవుడి కాళ్ళ మీద పడ్డాడే గాని తిరగబడలేదని సభల్లో నాతో వాదించినవాళ్ళూ ఉన్నారు. పాఠం చెప్పేవాళ్ళు మెచ్చుకున్నా, వాదించేవాళ్ళు తప్పుపట్టినా, కవి దయే అడిగాడని ఇద్దరూ నమ్ముతున్నారు. నేను నమ్మను.

కావ్యం తెరిచి చూడండి. తంజావూరు ప్రాంతపు అరుంధతీయుడు గబ్బిలాన్ని కాశీకి పంపుతున్నాడు. గుడిలోకి తనకు ప్రవేశం లేదు, దానికి ఉంది. పూజారి లేని వేళ చూసి శివుడి చెవిన వేయమంటాడు. విగ్రహాల కల్యాణాల ఖర్చునూ ఆకలిగొన్నవాడి గిన్నెనూ పక్కపక్కన పెడతాడు. ఆ తర్వాత, కర్మ అంటే ఏమిటో, తన మీద దానికి అంత పగ ఎందుకో ఈశ్వరుడి చేతనే రుజువు చేయించమంటాడు. దయ కావలసినవాడు రుజువు అడుగుతాడా? రుజువు చేసే భారం తన నెత్తి మీంచి తీసి ఎదుటివాడి మీద పెట్టాడు. అది మొర కాదు, దావా.

మరి ఆ కన్నీళ్ళ మాటేమిటని అడుగుతారు. కింగ్ లేఖలోనూ కన్నీళ్ళున్నాయి. వినోదాల పార్కులోకి నల్లపిల్లలను రానివ్వరని ఆరేళ్ళ కూతురికి తండ్రి చెప్పలేక నాలుక తడబడే చోటు ఉంది. అయితే అది ఉన్నది ఎక్కడ? ఇంకొన్నాళ్ళు ఆగమన్నవాళ్ళకు ఇచ్చిన జవాబులో. అక్కడ ఆ కన్నీరు సాక్ష్యం. పైగా ఆ లేఖ ఎనిమిదిమంది మతాచార్యుల పేర రాసినా, తగలవలసింది న్యాయం కంటే శాంతిభద్రతలే ముఖ్యమనుకునే తెల్లజాతి మితవాదులకు. జాషువా శివుడి పేర పంపింది కూడా పద్యం చదవగలిగిన అగ్రవర్ణ పాఠకుడికి. అందుకే నేను గబ్బిలాన్ని బహిరంగలేఖ అంటాను. సందేశకావ్యమనే పేరు దాని కాగితపు కవరు మాత్రమే.

రుజువు ఎవరు చూపాలన్న ప్రశ్న మనకు దూరపుది కాదు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను చంపారు. ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. జాషువా దేవుడి మీద మోపిన భారం మళ్ళీ బాధితుడి మీదికే వచ్చి పడింది. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

అందుకే ఇప్పుడు అర్జీలు సేకరిస్తున్నాను. 1977 నవంబరు ఉప్పెన తర్వాత సాయం కోసం, ఇళ్ళస్థలాల పట్టాల కోసం, రేవు కోసం ఈ తీరం రాసుకున్నవన్నీ కావాలి. "తమ సముఖమునకు వ్రాసుకొన్న అర్జీ ఏమనగా" అని వంగి మొదలయ్యే కాగితం రెండో పేరాకే సర్వే నంబరు, తేదీ, ఫలానా అధికారి ఇచ్చిన మాట వరుసగా పెట్టి జవాబు అడుగుతుంది. ఎవరికి రాశారో ఒక పేరు, ఎవరెవరికి నకళ్ళు పంపారో కింద నాలుగు పేర్లు. మన సాహిత్య చరిత్రల్లో వీటికి చోటు లేదు. నేను రాస్తున్న పుస్తకంలో గబ్బిలం తర్వాతి అధ్యాయం వీటిదే.

మీ ట్రంకుపెట్టెల్లో పాత నకళ్ళు ఉంటే చెప్పండి. చిరిగినా, చెదలు పట్టినా ఫరవాలేదు. ఇంటికే వచ్చి, మీ ఎదుటే ఫొటో తీసుకుని, కాగితం మీ చేతికే ఇచ్చి వెళతాను.